డైరీకి తోలు కవరు: కుట్టు కంటే ముందు కొలత

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఆగస్టులో నాన్నగారి రిటైర్మెంట్. ఆయన రోజూ డైరీ రాస్తారు. ఏ5 సైజు డైరీకి చేత్తో తోలు కవరు కుట్టి ఇవ్వాలని కోరిక. మిషను లేదు. సోఫాలు కుట్టే షాపులో కొన్న ముక్క మెత్తగా ఉంది, అంచులు నున్నగా రావడం లేదు, కుట్టు వంకర పోతోంది. ఎలాంటి తోలు కొనాలి, ఎలా కొలవాలి, నాన్నగారి పేరు కూడా వేయొచ్చా?

చేయొచ్చండీ. మిషను అక్కర్లేదు, మిషను కుట్టు కంటే చేతికుట్టే గట్టిది కూడా. ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉన్న వెజ్ టాన్ తోలు (చెట్టు బెరడుతో పదును చేసినది, అంటే పచ్చితోలు కుళ్లకుండా చేసినది) కొనండి, డైరీని మూసి ఉంచి కొలవండి, తోలు కోసే ముందు అట్టతో ఒక కవరు చేసి డైరీకి తొడిగి చూడండి. ఈ మూడూ చేస్తే మిగతాది ఓపిక సంగతే. సోఫా ముక్కని పారేయకండి, కుట్టు ప్రాక్టీసుకి అదే బంగారం.

నేను తొమ్మిదేళ్లుగా కవర్లు, పర్సులు కుడుతున్నాను. పాడు చేసినవాటిలో కుట్టు బాగోలేక పోయినవి తక్కువ. కొలత తప్పి పోయినవే ఎక్కువ. అందుకే కొలత గురించి కాస్త విసుగొచ్చేంత చెప్తాను, ముందే మన్నించండి.

ముందు తోలు సంగతి. మీరు కొన్నది దాదాపు ఖాయంగా క్రోమ్ టాన్. సోఫాలకీ చెప్పుల పైభాగాలకీ బట్టల్లాంటి జాకెట్లకీ వాడేది అదే. క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో పదును చేసేస్తారు. మెత్తగా, సాగుతూ ఉంటుంది, నీళ్లకి తొందరగా లొంగదు. దాన్లో తప్పేమీ లేదు, కానీ మీకు కావలసిన పనికి పనికిరాదు. అంచు ఎంత రుద్దినా పీచు లేస్తుంది తప్ప నున్నబడదు. మడిచిన చోట మడత నిలవదు. పేరు అద్దితే రెండో రోజుకి మాయమైపోతుంది. వంకర కుట్టులో సగం తప్పు కూడా తోలుదే: కన్నం పెడుతుంటే కింద అది జరుగుతూ ఉంటుంది.

వెజ్ టాన్ అంటే చెట్టు బెరడులోని వగరుతో పదును చేసినది. వారాలు పడుతుంది. ఇది మనకి కొత్తదేం కాదు. మన ఊళ్లలో మాదిగల లందల్లో తోళ్లు ఊరింది తంగేడు చెక్కలోనే, బతుకమ్మలో పేర్చే ఆ పసుప్పచ్చ పూల తంగేడే. మద్రాసు నుంచి ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లిన 'ఈస్ట్ ఇండియా తోలు' కూడా ఆ తంగేడు చెక్క, కరక్కాయల చలవే. ఇప్పుడు ఎక్కువగా వాటిల్ చెట్టు బెరడు సారం వాడుతున్నారు, సూత్రం అదే. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థని చాలా ఏళ్లు నడిపిన యలవర్తి నాయుడమ్మగారు మన తెనాలి దగ్గర యలవర్రు మనిషి. తోలు పని మాట వచ్చినప్పుడల్లా ఆయన్ని తలుచుకోకుండా ఉండలేను.

షాపులో గుర్తుపట్టడం ఎలా? కోసిన అంచు చూడండి. లోపల నీలం, బూడిద ఛాయ ఉంటే క్రోమ్. మొత్తం ఒకటే గోధుమ రంగైతే వెజ్ టాన్ కావచ్చు, కానీ రంగు వేసినవి మోసం చేస్తాయి. అందుకని వెనక్కి తిప్పి గరుకు వైపు ఒక నీటి చుక్క వేయండి. వెజ్ టాన్ గబుక్కున పీల్చుకుని ముదురు మచ్చ అవుతుంది. చిన్న ముక్క కాల్చి చూడమని కొన్ని వీడియోల్లో చెప్తారు. వద్దు. క్రోమ్ తోలు కాలిన పొగ, బూడిద మంచివి కావు.

ఎక్కడ కొనాలంటే, నేను చెన్నై పెరియమేట్ నుంచి తెచ్చుకుంటాను. అక్కడ తోళ్ల కొట్లు వరసగా ఉంటాయి, చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. వెళ్లలేకపోతే ఆన్‌లైన్‌లో క్రాఫ్టు సామాను అమ్మేవాళ్ల దగ్గర కోసిన ముక్కలు దొరుకుతాయి. ధర చదరపు అడుగు లెక్కన చెప్తారు. మీ కవరుకి నికరంగా పట్టేది అడుగు చిల్లరే, కానీ రెండున్నర అడుగులు తీసుకోండి. తోలు గుడ్డ కాదు, మచ్చలు, గీతలు, పలచబడ్డ చోట్లు తప్పించి కోయాలి. పొట్ట వైపు ముక్క మాత్రం వద్దు. చవగ్గా ఇస్తారు, కానీ సాగిపోతుంది. వీపు, భుజం వైపు ముక్క అడగండి. కవరుకి ఒకటిన్నర మి.మీ., లోపలి జేబులకి ఒక మి.మీ. రెండు మి.మీ. తీసుకుంటే చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ డైరీ మూతపడదు, నోరు తెరుచుకునే ఉంటుంది.

నిమ్మలకుంట తోలుబొమ్మల్లాంటి తోలు వాడొచ్చా అని ఇంతకుముందు ఒకరు అడిగారు. అది పదును చేయని మేకతోలు. వెంట్రుక తీసి, బిగించి ఆరబెట్టినది. దీపం వెలుగు అవతలికి రావాలి కాబట్టి అలా చేస్తారు. మడిస్తే విరుగుతుంది. గోడకి బాగుంటుంది, డైరీకి కాదు.

ఇక కొలత.

నా మొదటి కవరు ఒక స్నేహితుడి డైరీకి. డైరీని బల్ల మీద బార్లా తెరిచి, ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచాను. 300 మి.మీ. వచ్చింది. అంతే కోసి, చక్కగా కుట్టి, తొడిగాను. తెరిచి ఉన్నంతసేపూ బ్రహ్మాండం. మూయబోతే అట్టలు విల్లులా వంగాయి. తెరిచినప్పుడు వెన్ను భాగం లోపలికి మడుచుకుపోతుంది, లెక్కలోకి రాదు. మూసినప్పుడు కవరు ఆ వెన్ను మొత్తం చుట్టి రావాలి. పైగా తోలుకి మందం ఉంది, మూలల దగ్గర బయటి చుట్టు లోపలి చుట్టు కంటే ఎక్కువ. ఈ రెండూ తెలియడానికి నాకు ఒక మంచి తోలు ముక్క ఖర్చయింది.

మీ డైరీ ఏ5 అన్నారు, అంటే 148, 210. వెన్ను మందం చెప్పలేదు, మామూలు డైరీ లెక్కన 16 మి.మీ. అనుకుందాం. మీది కొలిచి ఆ అంకె మార్చుకోండి. అట్ట ఉన్న డైరీ అయితే అట్ట కాగితం కంటే కాస్త బయటికి ఉంటుంది, కొలవాల్సింది అట్టనే.

అడ్డం: 148 కి 16, మళ్లీ 148. మొత్తం 312. మూలల తిరుగుడుకి 5 కలపండి. రెండు చివర్లా కుట్టుకీ అంచుకీ 5 చొప్పున 10 కలపండి. 327 అయింది. నిలువు: 210 కి డైరీ ఆడటానికి 4, పైనా కిందా కుట్టుకి 4 చొప్పున 8. మొత్తం 222. కాబట్టి పెద్ద ముక్క 327, 222. జేబులు రెండు, ఒక్కోటి 65 వెడల్పు, 222 ఎత్తు.

జేబు వెడల్పు విషయంలో ఆశ పడొద్దు. లోతుగా ఉంటే డైరీ కదలకుండా ఉంటుందని ఒకసారి 110 పెట్టాను. అట్టలు వెనక్కి వంచి దూర్చాలి కదా, గట్టి అట్ట డైరీ అందులోకి దూరనే లేదు. నాకు నచ్చిన కొలత 60, 70 మధ్య.

ఇప్పుడు తోలు జోలికి పోకుండా, పెళ్లి శుభలేఖ అట్టో పాత క్యాలెండరో తీసుకుని ఇదే కొలతకి కోయండి. జేబుల్ని మూడు వైపులా టేపుతో అతికించండి. డైరీ తొడగండి. మూయండి, తెరవండి, పది పేజీలు తిప్పండి. బిగుతుగా ఉంటే 2 మి.మీ. పెంచండి. మీ నాన్నగారి డైరీ ఏటా మారుతుంది కదా, వచ్చే ఏడాది డైరీ కాస్త లావుదైతే? ఆయన ఏటా ఒకే కంపెనీ డైరీ వాడితే సరే. లేకపోతే వెన్ను దగ్గర ఇంకో 3 వదిలేయండి. కొంచెం వదులు కవరు ఎవరికీ బరువు కాదు, బిగుతు కవరు మాత్రం మూలనపడుతుంది.

అట్ట సరిపోయాక దాన్నే తోలు మీద పెట్టి ఆరెతో (చెప్పులు కుట్టేవాళ్లు కన్నాలు పొడిచే మొనతో) సన్నగా గీత గీయండి. పెన్ను వాడొద్దు, పోదు. కోయడానికి కొత్త బ్లేడు వేసిన కట్టరు, కింద వంటింటి ప్లాస్టిక్ కటింగ్ బోర్డు. ఒక్క దెబ్బకి తెగాలని నొక్కకండి, మూడుసార్లు తేలిగ్గా లాగండి. స్కేలు వేలి కింద జారకుండా వెనక ఇసుక కాగితం ముక్క అతికించుకుంటే చాలా వంకర్లు పోతాయి.

స్కేలు మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. ఇది పుస్తకాల్లో ఎక్కడో చివర రాస్తారు, నా దృష్టిలో ముందు రాయాలి. తడి వెజ్ టాన్ తోలుకి ఇనుము తగలకూడదు. నాలుగేళ్ల కిందట తడిపి మడిచిన కవరుని మడత నిలవడానికి రాత్రంతా ఇనప క్లిప్పులు పెట్టి ఉంచాను. పొద్దున చూస్తే క్లిప్పు ఉన్న ప్రతిచోటా నల్లటి మచ్చ, సిరా పోసినట్టు. అది నిజంగా సిరానే. బెరడులోని వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత వచ్చేది ఇలాగే: గుడ్డని కరక్కాయలో ముంచుతారు, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టిన ద్రవంతో గీస్తారు, గీసిన చోట నల్లబడుతుంది. వాళ్లు కావాలని చేసేది నేను పొరపాటున చేశాను. నిమ్మరసం దూదితో అద్దితే మచ్చ కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి ఆ కవరు మొత్తానికి ఇనప నీళ్లే పూసి నల్లగా మార్చేశాను, అడిగినావిడకి నలుపే నచ్చింది. మీకు అంత అదృష్టం ఉంటుందని భరోసా ఇవ్వలేను. ప్లాస్టిక్ క్లిప్పులు, బట్టలారేసే క్లిప్పులు వాడండి. వేసవిలో చెమట చేతులు, ఇనప స్కేలు కలిసినా చిన్న చుక్కలు పడతాయి, స్టీలు స్కేలైతే ఇబ్బంది ఉండదు.

జేబుల్ని అతికించే ముందు వాటి లోపలి అంచు, అంటే కుట్టు పడని అంచు, ముందే నున్నగా చేసుకోండి. కుట్టాక అక్కడికి చెయ్యి వెళ్లదు. అతికించడానికి చెప్పులు కుట్టేవాళ్లు వాడే సొల్యూషన్ చాలు, ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 కూడా అదే జాతి. మూడు వైపులా 4 మి.మీ. పట్టీగా రెండు ముక్కలకీ పూసి, పది నిమిషాలు ఆగి, తడి పోయాక నొక్కండి. కిటికీ తెరిచి చేయండి, వాసన తలకెక్కుతుంది.

కన్నాలు. వంకర కుట్టుకి అసలు మందు ఇక్కడుంది. కుట్టేటప్పుడు కన్నం వెతుక్కుంటూ పొడిస్తే ఎవరి కుట్టయినా వంకర పోతుంది. కన్నాలన్నీ ముందే పడాలి. అంచు నుంచి 4 మి.మీ. లోపల ఒక గీత గీయండి. దాని మీద పళ్లున్న చిజెల్, పళ్ల మధ్య 4 మి.మీ. ఉన్నది, పెట్టి కొయ్య సుత్తితో కొట్టండి. ప్రతిసారీ మొదటి పన్ను వెనకటి కన్నంలో కూర్చోవాలి, అప్పుడే దూరం మారదు. చిజెల్ కొనకూడదనుకుంటే టైలర్ల దగ్గర ఉండే పళ్ల చక్రం ఉంది చూశారా, నమూనా దింపడానికి వాడేది, దాన్ని గీత వెంట దొర్లించి, రెండు చుక్కలకొకటి చొప్పున ఆరెతో పొడవండి. నా మొదటి రెండేళ్లూ అలాగే గడిచాయి. ఒక జేబుకి సుమారు 88 కన్నాలు పడతాయి. మూడు వైపులే, లోపలి వైపు తెరిచి ఉండాలి. నవ్వకండి, నాలుగు వైపులా కుట్టేసినవాళ్లు నాకు తెలుసు. (ఆ తెలిసినవాళ్లలో నేనూ ఉన్నాను.)

దారం మైనం పట్టించిన పాలియెస్టర్, 0.8 మి.మీ. నూలు దారమైతే తేనెమైనం ముక్క మీద నాలుగైదు సార్లు లాగి వాడొచ్చు, కానీ రోజూ చేతిలో నలిగే వస్తువుకి పాలియెస్టరే మేలు. కుట్టు పొడవుకి నాలుగు రెట్లు, పైన ఒక జానెడున్నర తీసుకోండి. ఒక జేబుకి కుట్టు 352 మి.మీ., కాబట్టి దారం 1.7 మీటర్లు. సూదులు రెండు, మొన మొద్దుగా ఉన్నవి. మొన వాడిగా ఉంటే ఒక దారం ఇంకో దారాన్ని చీల్చుకుంటూ పోతుంది, తర్వాత బిగించడానికి లాగితే కదలదు. దొరక్కపోతే పెద్ద కన్నం సూది మొనని గచ్చు మీద నాలుగుసార్లు రాయండి. దబ్బనం వద్దు, కన్నాలు నోళ్లు తెరుస్తాయి.

కుట్టే పద్ధతి ఇది. ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు. మొదటి కన్నంలో దూర్చి రెండు వైపులా సమంగా లాగండి. ఆ తర్వాత ప్రతి కన్నంలోంచీ రెండు సూదులూ వెళ్లాలి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. మిషను కుట్టులో పై దారం, కింద దారం మధ్యలో ముడిపడతాయి, ఒకటి తెగితే వరసగా ఊడుతుంది. ఇందులో ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. ఏ సూది ముందు దూరాలో ఒకసారి నిర్ణయించుకుంటే చివరిదాకా అదే ముందు. రెండో సూది ఎప్పుడూ మొదటి దారానికి ఒకే పక్కన వెళ్లాలి. మధ్యలో ఫోను వచ్చి లేచి వచ్చాక అది మారిపోతుంది, కుట్టు వాలు అక్కడే తప్పుతుంది. ఫోను పక్కగదిలో పెట్టండి.

బిగించడం దగ్గర నా చేతులు బాగుచేసింది మా బస్టాండు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన. నేను కుట్టింది తెచ్చి చూపిస్తే, "దారంతో పోట్లాడుతున్నావేంటి బాబూ" అన్నాడు. గట్టిగా లాగితే గట్టిగా ఉంటుందనుకున్నాను. తోలు అంచు అలలు అలలుగా తేలింది. ఆయన చూపించింది ఏమిటంటే, రెండు చేతులూ ఒకేసారి, ఒకే బలంతో, దారం తోల్లోకి కాస్త దిగేవరకే లాగి ఆపేయడం. ఆ వీధి చివర పెద్దాయనల దగ్గర అరగంట కూర్చుంటే వచ్చేది పది వీడియోల్లో రాదు. ఊరికే కూర్చోకండి, ఆ అరగంటకి ఆయనకి ఏదో ఒకటి ఇవ్వండి. చివర రెండు కన్నాలు వెనక్కి కుట్టి, దారం 2 మి.మీ. వదిలి కోసి, లైటరుతో తాకించి తాకించనట్టు కరిగించండి.

అంచులు. 400 నంబరు ఇసుక కాగితం, తర్వాత 600. వేలితో కొంచెం నీళ్లు, ఆ తర్వాత ముతక నూలు గుడ్డతో వేడి పుట్టేవరకూ రుద్దడం. మెరుపు రాగానే తేనెమైనం పూసి మళ్లీ రుద్దండి. మొత్తం కవరుకి నాకు ముప్పావు గంట పడుతుంది, మీకు మొదటిసారి రెండు గంటలు పట్టొచ్చు. చేత్తో చేసింది అని చూసినవాళ్లకి తెలిసేది కుట్టులో కంటే ఇక్కడే.

రంగు వేయకపోతే తోలు మొదట పాలిపోయినట్టు ఉంటుంది. రెండు రోజులు పొద్దుటి ఎండలో, అటూ ఇటూ తిప్పుతూ పెడితే తేనె రంగుకి తిరుగుతుంది. మధ్యాహ్నం ఎండ వద్దు, బిరుసెక్కుతుంది. తర్వాత నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) నాలుగు చుక్కలు గుడ్డకి రాసి తుడవండి. కొబ్బరినూనె రాయొచ్చా అని అందరూ అడుగుతారు. చేతిలో అదే ఉంటే ఒక చుక్క రాయండి, కానీ తలకి పట్టించినట్టు పట్టిస్తే నల్లబడి, జిడ్డోడి, పేజీలకి అంటుతుంది. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రం ఒడ్డు ఊళ్లలో, వెజ్ టాన్‌కి బూజు పడుతుంది. విశాఖలో మా బావమరిది నేనిచ్చిన కవరుని భద్రంగా పాలిథిన్ సంచిలో చుట్టి బీరువాలో పెట్టాడు. దసరాకి తీస్తే తెల్లటి బొచ్చు. పొడిగుడ్డతో తుడిచి గాలికి పెడితే పోయింది గానీ మరకలు ఉండిపోయాయి. నూలు గుడ్డలో చుట్టడమే మంచిది, రోజూ వాడటం ఇంకా మంచిది.

ఆగస్టుకి టైము చాలదనిపిస్తే జేబులూ కుట్టూ లేని తేలిక దారి ఒకటుంది. జపాన్ వాళ్ల మిడోరి కంపెనీ 2006లో తెచ్చిన ట్రావెలర్స్ నోట్‌బుక్ పద్ధతి: ఒకటే తోలు ముక్క, వెన్నులో పైనా కిందా కన్నాలు, వాటిలోంచి ఎలాస్టిక్ తాడు, ఆ తాడు కింద పలచటి నోటుపుస్తకాలు. సాయంత్రానికి అయిపోతుంది. కానీ నాన్నగారు అట్ట డైరీలోనే రాసే మనిషైతే ఆయన అలవాటు మార్చమనడం న్యాయం కాదు, అందుకే మీకు మొదటిదే చెప్పాను. జేబుల కవరే సోఫా ముక్కతో ప్రాక్టీసుకి ఒకటి, వెజ్ టాన్‌తో ఒకటి కుట్టండి. రెండోదే ఆయన చేతికి వెళ్లాలి.

పేరు వేయడం. వేయొచ్చు, కానీ జేబులు అతికించక ముందే. కుట్టాక తడిపితే ఆ ఒక్కచోటే రంగు మారుతుంది. పెద్ద ముక్క మొత్తాన్ని తడి స్పాంజితో సమంగా తుడిచి, పైన మళ్లీ తన రంగు వస్తూ లోపల చల్లగా తగిలే దాకా ఆగండి. ఇంగ్లీషు అక్షరాల అచ్చులు కొట్లో దొరుకుతాయి. తెలుగు అచ్చులు నాకైతే దొరకలేదు, నిజానికి అవసరమూ పడలేదు. ట్రేసింగ్ పేపరు మీద పేరు రాసి, తోలు మీద టేపుతో నిలిపి, సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో గీతల వెంట నొక్కుతూ రాయండి. కాగితం తీసి, తోలు మీదే మరోసారి. మన అక్షరాలు గుండ్రం కాబట్టి తోలు చక్కగా ఒదుగుతుంది. చిక్కంతా ఒత్తుల దగ్గరే, అక్షరం 10 మి.మీ. కంటే చిన్నదైతే కింద ఒత్తు పూడుకుపోతుంది. మీ నాన్నగారి పాత డైరీలో ఆయన సంతకం ఉంటుంది కదా, దాన్నే ఒకటిన్నర రెట్లు పెద్దది చేసి జిరాక్స్ తీయించి, ఆ కాగితం మీద ట్రేస్ చేయండి. కింద కుడి మూలన, అంచు నుంచి 20 మి.మీ. లోపల వేస్తే కుట్టుకి తగలదు.